రెండో మనిషి లేచి ఉంటే...

పాత ఇంగ్లిష్ సినిమా ఒకటి ఉంది. పేరు ‘ది ఇన్సిడెంట్’. 1967లో వచ్చిన బ్లాక్ అండ్ వైట్ చిత్రం. ల్యారీ పియర్స్ దర్శకుడు. కథ ఎక్కువ భాగం న్యూయార్క్ నగరంలో, అర్ధరాత్రి దాటాక నడిచే ఒక సబ్‌వే రైలు బోగీలో జరుగుతుంది. బ్రాంక్స్ నుంచి మన్‌హటన్ వైపు వెళ్లే ఆ రైల్లో ఒక్కో స్టేషన్‌లో కొందరు ఎక్కుతారు. నిద్రపోతున్న పాపను ఎత్తుకున్న భార్యాభర్తలు, కొడుకు మీద అలిగి గొణుక్కుంటున్న ముసలి దంపతులు, ఒక ప్రేమజంట, మద్యం మానేసి మళ్లీ నిలదొక్కుకోవాలని చూస్తున్న మనిషి, నల్లజాతి దంపతులు, సెలవు మీద వచ్చిన ఇద్దరు సైనికులు. ఆ సైనికుల్లో ఒకరి చేతికి పిండికట్టు. సీటు మీద ఒళ్లు తెలియకుండా పడి ఉన్న తాగుబోతు. అందరూ కలిపి సుమారు పదిహేను మంది.

ఆ బోగీలోకి ఇద్దరు రౌడీ కుర్రాళ్లు ఎక్కుతారు. టోనీ ముసాంటే, మార్టిన్ షీన్ ఆ పాత్రలు వేశారు. తర్వాత పెద్ద నటుడిగా పేరు తెచ్చుకున్న షీన్‌కు అదే తొలి సినిమా. ఈ ఇద్దరూ ప్రయాణికులను ఒక్కొక్కరినే ఎంచుకుని వేధిస్తారు, అవమానిస్తారు, దిగబోతే అడ్డుపడతారు. పదిహేను మందికి ఇద్దరే. అయినా బోగీ అంతా వాళ్ల చేతిలోనే ఉంటుంది.

ఆరోగ్యం పేజీల్లో సినిమా కబుర్లేమిటని అనుకోవచ్చు. నలుగురిలో హింస జరిగినప్పుడు చుట్టూ ఉన్నవాళ్ల ఒంట్లో, మనసులో ఏం జరుగుతుందన్నది ఆరోగ్యానికి సంబంధించిన విషయమే. దెబ్బతిన్న మనిషి బతకడమూ, చూసినవాళ్లు ఆ తర్వాత కంటినిండా నిద్రపోవడమూ చాలాసార్లు ఆ కొద్ది నిమిషాల మీదే ఆధారపడతాయి. ఆ నిమిషాలను ఇంత దగ్గరగా చూపించిన సినిమాలు తక్కువ.

ఈ సినిమా చూసిన చాలామంది, వీరుడు లేడని కాదు, ఉన్న ఒక్కడూ ఆలస్యంగా లేచాడని బాధపడతారు. నాకు కనిపించిన లోటు వేరు. ఆ బోగీలో లేనిది రెండో మనిషి.

ఒక్కొక్కరినీ విడదీసి...

ఆ రౌడీలు ఏ దశలోనూ పదిహేను మందితో ఒకేసారి తలపడరు. ఒక మూల కూర్చున్న ఒక్కరి దగ్గరికి వెళ్తారు. మిగతావాళ్లు తల తిప్పుకుంటారు. అవతలి మనిషి పడుతున్న అవమానం చూసి జాలి కలుగుతుంది, దాంతోపాటే ‘హమ్మయ్య, మన దగ్గరికి రాలేదు’ అన్న ఊరట కూడా కలుగుతుంది. కాసేపటికి వాళ్ల వంతూ వస్తుంది. అప్పుడు మిగతావాళ్లు తల తిప్పుకుంటారు.

నల్లజాతి భర్త పాత్ర (బ్రాక్ పీటర్స్) ఇంకా కఠినమైన నిజం చూపిస్తుంది. తెల్లవాళ్లే తెల్లవాళ్లను పీడిస్తుంటే మొదట అతను ఆ తమాషా చూడాలనుకుంటాడు. జీవితమంతా వివక్ష చూసినవాడి కోపం అది. దిగిపోదామని భార్య (రూబీ డీ) అన్నా కదలడు. చివరికి రౌడీలు వాళ్లిద్దరి దగ్గరికే వస్తారు. అక్కడ కూర్చున్నవాళ్లు ఒకే ప్రమాదంలో ఉన్నారు కానీ, ఒకరికొకరు ఏమీ కాని మనుషుల్లా ఉన్నారు.

మధ్యలో ఎవరో ఒకరు నోరు తెరుస్తూనే ఉంటారు. పక్కవాళ్లెవరూ ఆ మాట అందుకోరు. అందుకోని మాట గాల్లో కలిసిపోతుంది, మాట్లాడిన మనిషి ఒంటరిగా దొరికిపోతాడు. ఇంకొక్కరు లేచి ‘అవును, అతణ్ని వదలండి’ అని ఉంటే కథ అక్కడే మలుపు తిరిగేదేమో. పదిహేను మందీ లేవనక్కర్లేదు. ఇద్దరు చాలు.

భయపడితే పిరికితనమా?

సినిమా చూస్తూ ‘ఛ, ఒక్కడికీ రోషం లేదు’ అనుకోవడం సులువు. సోఫాలో కూర్చున్నవాళ్లకు గుండె దడ ఉండదు.

ప్రమాదం ఎదురైనప్పుడు మెదడులోని అమిగ్డలా అనే చిన్న భాగం హెచ్చరిక మోగిస్తుంది. అడ్రినలిన్ రక్తంలోకి దూకుతుంది. పోరాడడమో, పారిపోవడమో చేస్తామని చిన్నప్పుడు చదువుకున్నాం. వీటికంటే ముందు వచ్చే దశ ఇంకొకటుంది. అదే కొయ్యబారిపోవడం. కాళ్లు కదలవు, గొంతు పెగలదు, చూపు ఒక్కచోటే నిలిచిపోతుంది. కొందరిలో ఇది ఒకటి రెండు క్షణాలే ఉంటుంది. కొందరిలో అంతా అయిపోయేదాకా ఉంటుంది. అది మనిషి తీసుకున్న నిర్ణయం కాదు, శరీరం చేసిన పని. దాడికి గురైనవాళ్లు ‘ఎందుకు అరవలేదు?’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పలేకపోవడానికీ చాలాసార్లు ఇదే కారణం. మన ఇళ్లలో ఆడపిల్లలను ఆ ప్రశ్న అడిగే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కొయ్యబారిన శరీరాన్ని కదిలించడానికి చిన్న చిన్న పనులు సాయపడతాయి. ఊపిరి నెమ్మదిగా, పొడవుగా బయటికి వదలడం. పాదాలను నేలకు గట్టిగా ఒత్తడం. పక్కనున్నవాళ్లతో ఒక్క ముక్క మాట్లాడడం. మూడోదే అన్నింటికంటే ముఖ్యం. ఎందుకంటే గుంపు మౌనానికి కారణం భయం ఒక్కటే కాదు.

గుంపు ఎందుకు మూగబోతుంది?

ఈ సినిమా పేరెత్తితే అమెరికాలో చాలామందికి ఇంకో పేరు గుర్తొస్తుంది. కిట్టీ జెనోవీస్. 1964 మార్చి 13 తెల్లవారుజామున, న్యూయార్క్ క్వీన్స్ ప్రాంతంలో తన ఇంటి దగ్గరే 28 ఏళ్ల ఆ యువతిని ఒకడు కత్తితో పొడిచి చంపాడు. 38 మంది చూస్తూ ఊరుకున్నారని న్యూయార్క్ టైమ్స్ పత్రిక రాసింది. దేశమంతా సిగ్గుతో తల దించుకుంది. ‘ది ఇన్సిడెంట్’ ఆ తర్వాత మూడేళ్లకు రావడంతో, ఆ హత్యకు జవాబుగా తీశారని అనిపిస్తుంది. నిజానికి కథ అంతకు ముందుదే. రచయిత నికొలస్ బేర్ 1963లో టెలివిజన్ కోసం రాసిన నాటకాన్నే మళ్లీ సినిమాకు మలిచాడు.

జెనోవీస్ హత్య తర్వాత జాన్ డార్లీ, బిబ్ లాటనే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కొన్ని ప్రయోగాలు చేశారు. 1968లో ప్రచురించిన ఒక దానిలో విద్యార్థులను విడివిడి గదుల్లో కూర్చోబెట్టి మైకులో మాట్లాడుకోమన్నారు. మాటల మధ్యలో ఒకరికి మూర్ఛ వచ్చినట్టు వినిపిస్తుంది. ఆ గొంతు వింటున్నది తానొక్కడినే అనుకున్నవాళ్లలో 85 శాతం మంది, ఆ మాట ఆగిపోయేలోపే సాయం కోసం బయటికి వచ్చారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారు అనుకున్నవాళ్లలో వచ్చింది 31 శాతమే.

మరో ప్రయోగంలో గదిలోకి పొగ వదిలారు. ఒంటరిగా ఉన్నవాళ్లలో 75 శాతం మంది లేచి వెళ్లి చెప్పారు. పక్కన ఇద్దరు ఏమీ పట్టనట్టు కూర్చుంటే 10 శాతం మందే చెప్పారు. తమకే ప్రమాదమైనా సరే, పక్కవాళ్ల ముఖాలు చూసి ‘ఏం కాదులే’ అనుకున్నారు. ఆ పక్కవాళ్లను ప్రయోగం చేసేవాళ్లే అలా కూర్చోబెట్టారని వాళ్లకు తెలియదు.

అంటే రెండు విషయాలు జరుగుతాయి. ఒకటి, ‘ఇంతమంది ఉన్నారు, ఎవరో ఒకరు చూసుకుంటారు’ అని బాధ్యత పలచబడుతుంది. రెండు, ఒకరి మౌనం చూసి ఇంకొకరు మౌనంగా ఉంటారు. అందరి లోపలా అలజడే, అందరి ముఖాల్లోనూ నిబ్బరమే. మూర్ఛ ప్రయోగంలో గదిలోంచి కదలని విద్యార్థుల చేతులు వణుకుతున్నాయి, అరచేతులు చెమటలు పట్టాయి. వాళ్లకు పట్టక ఊరుకోలేదు. ఏం చేయాలో తేల్చుకోలేక ఆగిపోయారు.

‘ఈ కాలం మనుషులకు మానవత్వం లేదు’ అనే మాట మనం తరచూ వింటాం. ఆ మాటలో బాధ ఉంది కానీ రోగ నిర్ధారణ తప్పు. తప్పుడు నిర్ధారణతో వైద్యం కుదరదు.

నిజం సినిమా అంత చీకటిగా లేదు

38 మంది కథ కూడా తర్వాతి కాలంలో నిలబడలేదు. చాలామంది విన్నారే తప్ప చూడలేదు. జరుగుతున్నదేమిటో స్పష్టంగా తెలిసినవాళ్లు కొందరే. ఒకాయన కిటికీలోంచి అరిస్తే హంతకుడు కాసేపు పారిపోయాడు కూడా. పొరుగింటావిడ ఒకరు పరుగున వచ్చి, చివరి క్షణాల్లో ఆమెను పట్టుకుని కూర్చుంది. 2016లో హంతకుడు చనిపోయినప్పుడు అదే న్యూయార్క్ టైమ్స్ తన పాత కథనంలో లోపాలున్నాయని రాసింది.

2019లో వచ్చిన ఒక అధ్యయనం ఇంకా ఆసక్తికరం. బ్రిటన్‌లోని లాంకాస్టర్, నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరాల వీధి కెమెరాల్లో రికార్డయిన 219 గొడవలను పరిశోధకులు పరిశీలించారు. పదింట తొమ్మిది సందర్భాల్లో చుట్టూ ఉన్నవాళ్లలో కనీసం ఒకరైనా కల్పించుకున్నారు. ఎక్కువ మంది ఉన్నచోట ఎవరో ఒకరు కల్పించుకునే అవకాశం పెరిగింది కూడా.

పాత ప్రయోగాలకూ ఈ అధ్యయనానికీ పొంతన లేదనిపించవచ్చు. ఒక్కో మనిషి వెనకాడే అవకాశం గుంపులో ఎక్కువే కావచ్చు. పదిమందిలో ఒక్కరు కదిలినా బాధితుడికి సాయం అందినట్టే. పైగా మూర్ఛ ప్రయోగంలో విద్యార్థులు ఒకరినొకరు చూసుకోలేదు. వీధిలో మనుషులు ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకోగలరు, సైగ చేసుకోగలరు, ఒకరి వెనక ఒకరు కదలగలరు. అంటే ‘ది ఇన్సిడెంట్’ చూపిన బోగీ అబద్ధం కాదు, కానీ అది మన తలరాతా కాదు. మనుషులను విడదీస్తే ఏమవుతుందో అది చూపించింది. కలిపితే ఏమవుతుందో ఆ వీధి కెమెరాలు చూపించాయి.

ప్రమాదం పోయాక కూడా...

సినిమా చివరికి వద్దాం. రౌడీ నిద్రపోతున్న పాప జోలికి వచ్చేసరికి, చేతికి పిండికట్టు ఉన్న సైనికుడు (బో బ్రిడ్జెస్) లేస్తాడు. రౌడీ కత్తి తీస్తాడు. సైనికుడు పోట్లు తిని కూడా ఆ పిండికట్టు చేత్తోనే ఇద్దరినీ పడగొడతాడు. బోగీలో అందరికంటే నిస్సహాయంగా కనిపించిన మనిషి అతనే.

కానీ నన్ను కలవరపెట్టేది పోరాటం తర్వాతి దృశ్యం. రౌడీలు పడిపోయారు. కత్తి భయం లేదు. సైనికుడి ఒంట్లోంచి నెత్తురు కారుతోంది. అయినా ప్రయాణికులు చాలాసేపు కూర్చున్నచోటే ఉంటారు. అతని స్నేహితుడు సైతం అంతా అయ్యాకే దగ్గరికి వస్తాడు. పోలీసులు లోపలికి రాగానే ముందు పట్టుకున్నది నల్లజాతి మనిషిని. తలుపు తెరుచుకున్నాక, నేల మీద పడి ఉన్న తాగుబోతును దాటుకుంటూ ఒక్కొక్కరే దిగిపోతారు.

కత్తి ఎదుట కదలకపోవడాన్ని భయం అనవచ్చు. కత్తి కింద పడ్డాక కదలకపోవడాన్ని ఏమనాలి? అది అలవాటు. గంటసేపు ‘మనకెందుకు’ అనుకున్న మనసు, భయం తీరాక కూడా అదే పాట పాడుతుంది.

నా వాదన ఇక్కడే ఉంది. కత్తి పట్టుకున్నవాడి మీదికి దూకమని ఏ కుటుంబానికీ చెప్పకూడదు. ఆ సైనికుడికి కత్తిపోట్లు పడ్డాయి, నిజ జీవితంలో అయితే ప్రాణమే పోవచ్చు. కానీ ప్రమాదం తప్పుకున్న తర్వాతి పది నిమిషాలు ఉంటాయే, వాటిలో ముందుకు వెళ్లడానికి ధైర్యసాహసాలు అక్కర్లేదు. ఒక గుడ్డ, ఒక ఫోను, నేల మీద మోకాళ్లు ఆనించే మనసు చాలు. వీరుడు కావడం అందరి వల్లా కాదు. రెండో మనిషి కావడం అందరి వల్లా అవుతుంది.

‘మనకెందుకు’ ఖరీదు

మధ్యతరగతి ఇళ్లలో పిల్లలకు నేర్పే జాగ్రత్తల్లో మొదటిది ‘గొడవల్లో తలదూర్చకు’. ఆ మాట ప్రేమతో పుట్టినదే. తలదూర్చితే దెబ్బలు తగులుతాయి, పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాలి, కోర్టు సాక్ష్యాలు, చివరికి ‘నువ్వే చేశావేమో’ అన్న అనుమానం. సినిమాలో నల్లజాతి మనిషికి ఎదురైనది అదే కదా. ఈ భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేం.

అయితే మన దేశంలో చట్టం కొంత మారింది. గాయపడిన మనిషికి చికిత్స చేయడం ప్రతి వైద్యుడి బాధ్యత అనీ, ప్రభుత్వ ఆసుపత్రైనా ప్రైవేటుదైనా పోలీసు లాంఛనాల కోసం ఆగకూడదనీ సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో తేల్చింది. రోడ్డు ప్రమాద బాధితులకు సాయం చేసేవాళ్ల రక్షణ కోసం 2019లో మోటారు వాహనాల చట్టంలో 134-ఎ సెక్షన్ చేర్చారు. సదుద్దేశంతో సాయం చేసిన మనిషిని, పొరపాటున నష్టం జరిగినా కేసులతో వేధించే వీల్లేదు. పేరు, చిరునామా చెప్పమని బలవంతపెట్టకూడదు. ఈ సెక్షన్ రోడ్డు ప్రమాదాలకే వర్తిస్తుంది, కొట్లాటలకు కాదు. దాడుల విషయంలో వేరే సూత్రం ఉంది. ఆత్మరక్షణ హక్కు అంటే మన శరీరాన్ని కాపాడుకోవడమే కాదు, ఇతరుల శరీరాన్ని కాపాడడం కూడా. పాత శిక్షాస్మృతిలోనూ, 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోనూ ఇది ఉంది. అవసరానికి మించి బలం వాడకూడదన్నది దాని హద్దు.

కాగితం మీది చట్టం స్టేషన్‌లో ఎంతవరకు అమలవుతుందన్న అనుమానం మీకు ఉండవచ్చు. అయినా తెలిసి ఉండడం, తెలియకపోవడం ఒకటి కాదు. ‘కేసవుతుంది’ అన్న ఒక్క మాటతో వెనక్కి లాగే చుట్టాలకు చెప్పడానికి మన దగ్గర జవాబుంటుంది.

‘మనకెందుకు’ ఖరీదు ఇంకోటి ఉంది. ఆ పాఠం నేర్చుకున్న పిల్ల రేపు బస్సులో వేధింపు ఎదురైతే, చుట్టూ ఉన్నవాళ్లు కూడా అదే పాఠం నేర్చుకుని ఉంటారు. మన బిడ్డ భద్రత కోసం చెప్పిన మాటే, ఊరంతా చెబితే, మన బిడ్డను ఒంటరిని చేస్తుంది.

రెండో మనిషి చేయగల పనులు

ఇంట్లో అందరూ ఒకసారి కూర్చుని మాట్లాడుకోవలసిన విషయాలివి. ముందే అనుకున్న పని గాభరాలో కూడా గుర్తొస్తుంది.

*బాధితుడితో మాట్లాడండి, దుండగుడితో కాదు.* వేధింపు మాటల దశలోనే ఉంటే, ‘అమ్మా, ఇలా వచ్చి కూర్చో’, ‘బాబూ, టైమెంతయింది?’ లాంటి మాటలు చాలు. వాదన పెట్టుకోకుండానే ఆ మనిషి ఒంటరి కాదని తెలుస్తుంది.

*ఒకరిని గుర్తుపట్టి పిలవండి.* ‘ఎవరైనా ఫోన్ చేయండి’ అంటే ఎవరూ చేయకపోవచ్చు. ‘నీలం చొక్కా అన్నా, మీరు 112కి ఫోన్ చేయండి. అక్కా, మీరు డ్రైవర్‌కి చెప్పండి’ అనండి. అప్పుడు బాధ్యత పలచబడదు. సాయం కోరేవాళ్లు కూడా ఇలాగే కోరాలి.

*ఎవరైనా నోరు తెరిస్తే అందుకోండి.* మీరు మొదట లేవలేకపోయినా ఫరవాలేదు. లేచినవాళ్ల పక్కన నిలబడండి. ‘నేనూ చూశాను’ అన్న మాట చాలు.

*సిబ్బందికి చేరవేయండి.* బస్సులో కండక్టర్, డ్రైవర్. రైల్లో అయితే 139. హైదరాబాద్ మెట్రో బోగీల్లో రైలు నడిపేవారితో మాట్లాడే అత్యవసర బటన్ ఉంటుంది. ఎప్పుడూ ఎక్కే రైలైనా ఆ బటన్ ఎక్కడుందో ఒకసారి చూసి పెట్టుకోండి. ఆడవాళ్ల కోసం 181 ఉంది.

*వీడియో తీయడం ఆఖరి పని.* ఇప్పటికే ఇంకొకరు సాయం చేస్తుంటేనే తీయండి. తీసింది పోలీసులకో బాధితులకో ఇవ్వండి. వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. దెబ్బతిన్న మనిషి ముఖం ఊరంతా తిరగడం రెండో దాడి.

*కత్తి, తుపాకీ కనిపిస్తే దూరం పెంచండి.* పిల్లలను, పెద్దవాళ్లను వెనక్కి పంపండి, దాక్కోండి, ఫోన్ చేయండి. ఇది పారిపోవడం కాదు. సాయం చేయడానికి ముందు మీరు బతికి ఉండాలి.

నెత్తురు కారుతుంటే...

దుండగుడు వెళ్లిపోయాడని రూఢి చేసుకున్నాక 108కి గానీ 112కి గానీ ఫోన్ చేసి, ఎదురుగా కనిపించే గుర్తుతో సహా చోటు చెప్పండి. ఫోన్ స్పీకర్‌లో పెట్టి చేతులు ఖాళీగా ఉంచుకోండి.

గాయం మీద శుభ్రమైన గుడ్డ పెట్టి రెండు చేతులతో గట్టిగా అదమండి. చున్నీ, తువ్వాలు, చేతిరుమాలు ఏదైనా సరే. ఆగిందా లేదా అని మాటిమాటికీ తీసి చూడకండి. గుడ్డ తడిసిపోతే దాని మీదే ఇంకోటి వేసి అదమండి. కత్తి ఒంట్లోనే దిగి ఉంటే లాగకండి. అది నెత్తురును కొంత అడ్డుకుంటూ ఉండవచ్చు. కదలకుండా చుట్టూ గుడ్డలు పెట్టి పట్టుకోండి. పొట్టలోంచి పేగులు బయటికి వస్తే లోపలికి నెట్టకండి. శుభ్రమైన తడి గుడ్డ కప్పి ఉంచండి. పాపం దాహమంటున్నాడని నీళ్లు, సోడా పట్టకండి. ఆపరేషన్ అవసరం కావచ్చు. దుప్పటి కప్పి వెచ్చగా ఉంచండి. వీలైతే చేతులకు తొడుగులో, ప్లాస్టిక్ కవర్లో వేసుకోండి. లేకపోతే తర్వాత సబ్బుతో శుభ్రంగా కడుక్కోండి.

చేతులతో చేసే పని ఏదీ రాకపోయినా, పక్కన కూర్చుని ‘అంబులెన్స్ వస్తోంది, నేనిక్కడే ఉన్నాను’ అని చెబుతూ ఉండండి. సినిమాలో ఆ సైనికుడికి దక్కనిది అదే. జెనోవీస్ పొరుగింటావిడ ఇచ్చిందీ అదే.

చూసినవాళ్లకూ గాయమే

హింసను కళ్లారా చూసినవాళ్లకు కొన్ని రోజులు నిద్ర పట్టదు. అదే దృశ్యం మళ్లీ మళ్లీ కళ్ల ముందు కదులుతుంది. చిన్న చప్పుడుకే ఉలికిపడతారు. ఆ బస్సు, ఆ దారి అంటేనే వెనకాడతారు. ఏమీ చేయలేకపోయామన్న సిగ్గు తోడైతే ఎవరితోనూ చెప్పుకోరు. ముఖ్యంగా ఇంటి మగవాళ్లు. ‘అక్కడే ఉండి ఏం చేశావు?’ అని ఎవరైనా అడుగుతారేమోనని లోలోపలే కుమిలిపోతారు.

ఇంటికి వచ్చిన మనిషిని నిలదీయకండి, కాలక్షేపం కబుర్లతో మరిపించనూ వద్దు. చెబితే వినండి, చెప్పకపోతే పక్కన ఉండండి. నిద్ర కోసం మందు తాగే అలవాటు మొదలు కానివ్వకండి. చాలామందిలో ఈ లక్షణాలు కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. నెల దాటినా తగ్గకపోతే, ఉద్యోగం, చదువు దెబ్బతింటుంటే మానసిక వైద్యులను కలవాలి. ప్రభుత్వం నడిపే టెలి-మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకూడదు.

పిల్లలు చూస్తే వాళ్ల వయసుకు తగినట్టు నిజం చెప్పండి. ‘ఏమీ జరగలేదు’ అనకండి, వాళ్లు చూశారు. ‘చెడ్డ పని జరిగింది. చాలామంది సాయం చేశారు. ఇప్పుడు నువ్వు మా దగ్గర ఉన్నావు’ అని చెప్పండి. పక్క తడపడం, అతుక్కుపోవడం, ఆటల్లో ఆ ఘటననే మళ్లీ మళ్లీ ఆడడం కొన్నాళ్లు ఉండవచ్చు. టీవీలో అదే దృశ్యం పదేపదే వస్తుంటే కట్టేయండి.

ఎక్కడి దాకా అండీ?

1975లో ప్రచురితమైన ఒక ప్రయోగంతో ముగిస్తాను. న్యూయార్క్ బీచ్‌లో పరిశోధకుల బృందంలోని ఒకరు తన రేడియో వదిలి లేచి వెళ్తారు. కాసేపటికి ‘దొంగ’ వచ్చి రేడియో ఎత్తుకుపోతాడు. పక్కనున్నవాళ్లతో వెళ్లేముందు మామూలు మాట ఒకటి మాట్లాడి ఉంటే, 20 శాతం మంది దొంగను అడ్డుకున్నారు. ‘కాస్త నా సామాను చూస్తూ ఉంటారా?’ అని అడిగి ఉంటే 95 శాతం మంది అడ్డుకున్నారు. కొందరు వెంటపడి పరిగెత్తారు కూడా. వాళ్లు రాత్రికి రాత్రి వీరులైపోలేదు. ఒక అపరిచితుడు వాళ్లను ఒక మాట అడిగాడు, వాళ్లు సరేనన్నారు, అంతే.

ఈ మాట మన రైళ్లలో రోజూ వినిపించేదే. ‘కాస్త బ్యాగు చూస్తూ ఉండండి, నీళ్లు పట్టుకొస్తా’. దానికి ముందు ‘ఎక్కడి దాకా అండీ?’ అన్న పలకరింపు. తర్వాత పులిహోర పొట్లంలో వాటా. ఎదుటివాళ్ల ఊరు, పిల్లల చదువులు అడిగి తెలుసుకోవడం చాదస్తమని ఇప్పటి పిల్లలు విసుక్కుంటారు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, చేతిలో ఫోను పెట్టుకుని ఎవరి బోగీలో వాళ్లు ఒంటరిగా ప్రయాణిస్తున్నారు. ఏకాంతం కోరుకోవడం తప్పు కాదు. కానీ ఎక్కగానే తలెత్తి ఒకసారి చుట్టూ చూడడం, పక్క సీటువాళ్లకు ఒక చిరునవ్వు, ఒక పలకరింపు. వీటికి అర నిమిషం పట్టదు.

న్యూయార్క్ సినిమాలోని ఆ పదిహేను మంది ఒకే దారిలో పోతూ కూడా, పక్కనున్న మనిషిని ‘ఎక్కడి దాకా?’ అని అడగలేదు. మనకు ఆ అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. మీ అమ్మమ్మ రైల్లో అందరినీ పలకరిస్తుంటే మొహమాటపడకండి. ఆ బోగీలో అవసరమొస్తే లేచే రెండో మనిషిని ఆవిడ అప్పటికే సిద్ధం చేస్తోంది.